అట్టముక్కల తోటలు చాలు, మన వాడ లెక్క పెడదాం

జనవరి వచ్చిందంటే అనంతపురం సీమలో ఎగ్జిబిషన్ల కాలం. 12వ తేదీ యువజన దినం. 26వ తేదీ పెరేడ్ మైదానంలో శాఖల స్టాళ్లు, శకటాలు. దానికి ముందో వెనకో బళ్లలో వైజ్ఞానిక ప్రదర్శనలు, యువ ఉత్సవాలు, వ్యవసాయ శాఖోళ్ల కిసాన్ మేళాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేసినాక ఈ సర్కారు తిరునాళ్లు కూడా రెండైనాయి. అనంతపురంలో ఒకటి, పుట్టపర్తిలో ఒకటి.

వీటన్నిటికీ మన వాడల యువజన సంఘాలకు కబురు వస్తుంది. ఎందుకు వస్తుంది? మొదటిది డప్పులకు. పెద్ద అధికారి కారు దిగి స్టాళ్ల దాకా నడిచే దారికి అటూ ఇటూ నిలబడి కొట్టడానికి. రెండోది షామియానా, కుర్చీలు మోయడానికి. మూడోది ఖాళీగా మిగిలిన స్టాలు నింపడానికి. "మీ సంఘం తరఫున ఏదన్నా ఒక ప్రాజెక్టు పెట్టండప్పా, రెండు రోజులే టైముంది" అని ఫోనుకు మెసేజి వస్తుంది.

రెండు రోజుల్లో పిల్లోళ్లు ఏం పెడతారు? టౌనుకు పోయి థర్మోకోల్ షీటు, పచ్చ కాగితం, మందుల షాపులో సెలైన్ పైపు కొంటారు. సెలైన్ పైపు డ్రిప్పు అవుతుంది. పచ్చ కాగితం దానిమ్మ తోట అవుతుంది. మూలన ఒక ప్లాస్టిక్ ఆవు. పైన ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. అధికారి వస్తాడు, ఫోటో తీస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు. సాయంత్రానికి ఆ తోట చెత్తకుప్పలో ఉంటుంది.

ఆ తోట ఎవరిది? ఆ బోరు ఎవరిది? దాన్ని తయారు చేసిన పిల్లోని ఇంటికి సెంటు తరి ఉందా? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మనమూ అడగము. మన పిల్లోళ్ల చేత మనకు లేని తోట బొమ్మ చేయించి, దాని పక్కన మన పిల్లోళ్లనే నిలబెట్టి, "అభివృద్ధి" అని బోర్డు తగిలిస్తారు.

అందుకే ఈ వ్యాసంలో చెప్పదలిచింది ఒకే మాట. ఎగ్జిబిషన్లో మన సంఘాలు పెట్టాల్సింది కొనుక్కొచ్చిన బొమ్మ కాదు. మన వాడలో మనమే కొలిచి, రాసి పెట్టుకున్న లెక్క. కొలిచినోళ్లే దాని పక్కన నిలబడి, తమ పేరుతో, తమ మాటల్లో చెప్పాలి.

బొమ్మ తోట వెనకున్న నేల

డ్రిప్పు చెడ్డదని మేం అనడం లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే సీమ ఇది. చుక్క నీళ్లు కూడా దాచుకోవాల్సిందే. డ్రిప్పుకు సబ్సిడీ ఉందన్నదీ నిజమే, ఎస్సీ, ఎస్టీ రైతులకు ఎక్కువ ఉందన్నదీ నిజమే.

కాని డ్రిప్పు పైపుకు ముందు బోరు ఉండాల. బోరుకు ముందు భూమి ఉండాల. భూమికి కాగితం ఉండాల. మనోళ్ల చేతిలో ఉన్నది చాలావరకు డీకేటీ పట్టా మెట్ట. గుట్ట వారన, రాళ్ల నేల. అసైన్డు భూమి చేతులు మారకూడదని 1977లోనే చట్టం వచ్చింది. అయినా పట్టా మన పేరు మీద, చేను ఇంకొకరి సాగులో ఉన్న వాడలు ఎన్ని లేవు? ఇదీ మన నేల కథ. దీన్ని కప్పిపెట్టే పచ్చ కాగితం మనమే డబ్బు పెట్టి కొనుక్కోవడం ఏం న్యాయం?

సంఘం ఎవరిది?

యువజన సంఘాలకు రెండు పుట్టుకలున్నాయి. ఒకటి సర్కారు పుట్టుక. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు మొదలైనాయి. పల్లెల్లో సంఘాలు రిజిస్టరు చేయించినారు. వాలీబాలు, నెట్టు, క్యారమ్ బోర్డు ఇచ్చినారు. 2023 అక్టోబర్‌లో మేరా యువ భారత్ అని ఇంకో సంస్థ పెట్టినారు. పేర్లు మారినా చాలా ఊళ్లలో పద్ధతి ఒకటే: అధ్యక్షుడు పెత్తందారు కొడుకు, వాడ నుంచి నలుగురు సంతకం సభ్యులు.

రెండోది మన పుట్టుక. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దని అడగడంతో మొదలైన గొడవకు ఆరుగురు మాదిగలను చంపినారు. 1991లో చుండూరులో మాలలను నరికినారు. ఆ రెండింటి తర్వాత వాడవాడకూ అంబేద్కర్ యువజన సంఘాలు లేచినాయి. వాటికి ఎవరూ నెట్టు ఇవ్వలేదు. తలా ఇంత చందా వేసుకుని విగ్రహం పెట్టుకున్నారు, రాత్రి బడి నడిపినారు, రేషన్ షాపు తూకం అడిగినారు, హాస్టలు బియ్యం లెక్క అడిగినారు.

లెక్క అడిగే ఈ అలవాటే మన సంఘాల బలం. దాన్నే ఎగ్జిబిషన్ బల్ల మీదికి తీసుకుపోదాం అంటున్నాం. వాడకు పనికొచ్చేవి, ఖర్చు లేనివి నాలుగు ప్రాజెక్టులు ఇక్కడ చెప్తాం. మీ వాడలో ఇంకా మంచివి దొరకవచ్చు.

ఒకటి: కొళాయి లెక్క

కావాల్సింది ఒక బిందె, ఒక గడియారం, ఒక నోటు బుక్కు. బిందె ఎన్ని లీటర్లో ముందే లీటరు సీసాతో పోసి తేల్చుకోండి. నీళ్లు వదిలిన టైము, ఆపిన టైము, బిందె నిండటానికి పట్టిన సెకన్లు, ఆ కొళాయి మీద ఎన్ని ఇళ్లు, ఎంతమంది మనుషులు, ఇవి 30 రోజులు రాయండి. ఒక రోజు రాసింది ఫిర్యాదు. 30 రోజులు రాసింది లెక్క.

లెక్క ఎట్ల కట్టాలో చెప్పడానికి ఒక ఊహ లెక్క తీసుకుందాం. 15 లీటర్ల బిందె ఒక నిమిషంలో నిండింది. నీళ్లు 40 నిమిషాలు వచ్చినాయి. మొత్తం 600 లీటర్లు. ఆ కొళాయి మీద 60 మంది. మనిషికి 10 లీటర్లు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న కొలత మనిషికి రోజుకు 55 లీటర్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి పెట్టండి. ఇంకేం రాయనక్కర లేదు.

తర్వాత అదే రోజు, అదే టైములో ఊర్లోని కొళాయి కూడా కొలవండి. పైపు ముందు ఎవరి వీధికి పోతుంది, చివరన ఎవరి వీధి ఉంది అన్నది ఒక చార్టు మీద గీయండి. నీళ్లలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించగలిగితే ఆ కాగితం కూడా అతికించండి. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పళ్లు గారపడతాయి, ఇంకా దాటితే ఎముకలు పట్టేస్తాయి.

నీళ్ల లెక్క మనకు కొత్త కాదు. అందరికీ చెరువులు, బావులు తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. మహద్ మున్సిపాలిటీ కూడా తన చౌదార్ చెరువు తెరిచామని కాగితం రాసుకుంది. కాగితం ఉంది, నీళ్లు లేవు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి ఆ చెరువు నీళ్లు తాగితే గాని ఆ కాగితం అబద్ధమని లోకానికి తెలియలేదు. కాగితానికీ కొళాయికీ ఉన్న ఎడాన్ని చూపించడమే మన ప్రాజెక్టు.

రెండు: వాన లెక్క

నిట్రమైన అంచు, చదునైన అడుగు ఉన్న ఒక డబ్బా తీసుకోండి. చెట్టు కింద కాకుండా బయలులో, గాలికి పడకుండా రాళ్లు పేర్చి పెట్టండి. వాన నిలిచిన వెంటనే స్కేలు పెట్టి కొలవండి. ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లుంటే అన్ని మిల్లీమీటర్ల వాన. 10 మిల్లీమీటర్ల వాన అంటే ఎకరా మీద 40,000 లీటర్లు పడినట్టు. ఈ ఒక్క అంకె చెప్తేనే జనం ఆగి వింటారు. మరి ఆ నీళ్లన్నీ యాడికి పోయినాయి?

అదే వానకు చేనిలో గునపంతో తవ్వి తడి ఎంత లోతు దిగిందో కూడా రాయండి. మన పెద్దోళ్లు "పదును అయ్యింది", "జానెడు తడి దిగింది" అని ఊరికే అనలేదు. వాళ్ల జానెడుకు మీ మిల్లీమీటర్లకు లంకె కట్టండి. విత్తనం వేసే నాటికి ఎన్ని మిల్లీమీటర్లు పడితే ఎర్ర నేలలో పదును అయ్యింది, నల్ల నేలలో ఎన్ని పడితే అయ్యింది అని మీ ఊరి లెక్క తేల్చండి. పుస్తకాల్లో దొరికేది జిల్లా లెక్క. మీ ఊరి లెక్క మీరు కొలిస్తేనే ఉంటుంది.

ఇంకో ఉపయోగం ఉంది. మండల కేంద్రంలో వాన పడితే మండలమంతా పడినట్టు రాస్తారు. బీమా, కరువు సాయం ఆ లెక్క మీద నడుస్తాయి గాని నీ చేనిలో ఎండిన బుడ్డ మీద నడవవు. మీ డబ్బా లెక్కను సర్కారు ఒప్పుకోకపోవచ్చు. కాని మూడేళ్లు వరసగా రాసి పెట్టిన పుస్తకం ముందు "మీ ఊర్లో వాన పడింది కదప్పా" అని తేలిగ్గా అనలేరు.

మూడు: వయ్యారిభామ లెక్క

2000 ఖరీఫ్‌ను ఈ సీమ మరిచిపోదు. శెనక్కాయకు కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చి 2 లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. శాస్త్రవేత్తలు వెతికితే మూలం గట్ల మీద, దోవ పక్కన పెరిగే వయ్యారిభామ మొక్కలో దొరికింది. ఆ మొక్క తెగులు పైకి కనబడకుండానే వైరస్‌ను మోస్తుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని శెనక్కాయ ఆకు మీద వాలుతాయి, ఆకును గీకుతాయి. ఆ గాటులోంచి వైరస్ లోపలికి పోతుంది. పూత రాకముందే ఆ మొక్క పీకేయాలనీ, చేను చుట్టూ జొన్న సాళ్లు వేస్తే పురుగుకు అడ్డమవుతాయనీ అందుకే చెప్తారు.

సంఘం పిల్లోళ్లు చేయగలిగింది ఏమంటే, పది చేలు ఎంచుకోండి. గట్టు మీద పది అడుగుల పొడవున ఎన్ని వయ్యారిభామ మొక్కలున్నాయో లెక్కపెట్టండి. అదే చేనిలో పది అడుగుల సాలులో ఎన్ని శెనక్కాయ మొక్కలు ఎండినాయో లెక్కపెట్టండి. పూత రాకముందు గట్టు శుభ్రం చేసిన చేను, చేయని చేను, జొన్న సాళ్లున్న చేను, లేని చేను విడదీసి రాయండి. ఒక సంచిలో ఎండబెట్టిన మొక్క, ఒక అద్దం పెట్టండి. ఆ మొక్క పీకేటప్పుడు చేతికి గుడ్డ కట్టుకోండి, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. అది కూడా రాయండి. ఎందుకంటే ఆ కలుపు పీకేది మన ఆడోళ్లు. దద్దుర్లు కూడా వాళ్లవే.

నాలుగు: తోలు, బాన, డప్పు

ఇక్కడే మనలో మనకు తగువు. "తోలు, డప్పు ఎందుకప్పా చూపించేది? మళ్లీ మనల్ని కులవృత్తిలోకే తోసేదానికా?" అని చదువుకున్న తమ్ముళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనది. చచ్చిన పశువును మోయొద్దు, దాని మాంసం తినొద్దు, వెట్టి చేయొద్దు అని బాబాసాహెబ్ చెప్పినాడు. ఆ మాట తప్పేది లేదు.

కాని వెట్టి వేరు, విద్య వేరు. వెట్టి మన నెత్తిన పెట్టింది ఊరు. విద్య మన చేతులు సంపాదించుకున్నది. వెట్టిని వదిలిపెట్టినాం సరే, విద్యను ఎవరికి వదిలిపెట్టాలి?

ఈ సీమలో కరెంటు మోటార్లు రాకముందు బావి నీళ్లు మడికెక్కించింది కపిల బాన. ఆ తోలు బాన కుట్టింది మాదిగ చేయి. సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క, కరక్కాయ కషాయంలో ఊరబెట్టి, నీళ్లలో నానినా కుళ్లని తోలుగా మార్చిన రసాయన శాస్త్రం అది. చెక్కలోని వగరు తోలును పట్టుకుని కుళ్లకుండా కాపాడుతుందని ఇప్పుడు పుస్తకంలో చదువుతున్నాం. మన తాతలు పుస్తకం లేకుండా చేసి చూపించినారు. 2014లో తెలంగాణ తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకుంది. పువ్వుకు మర్యాద దక్కింది. చెక్క తెచ్చి తోలు చేసినోనికి ఏం దక్కింది? బాన ఆయనది, బావి ఆయనది కాదు. చెప్పు ఆయన కుట్టింది, ఊర్లో తొడుక్కుని నడిచే హక్కు ఆయనది కాదు. ఈ రెండు వాక్యాలు బాన పక్కన రాసి పెట్టండి. ఇంకా బాన కుట్టడం తెలిసిన పెద్దాయన మీ వాడలో ఉంటే కుర్చీ వేసి ఆయన్నే స్టాల్లో కూచోబెట్టండి, పిల్లోళ్లు పక్కన నిలబడండి.

డప్పు కూడా అంతే. కొట్టే ముందు మంట దగ్గర ఎందుకు కాగబెడతారు? తోలు గాలిలోని తేమ పీల్చుకుని వదులవుతుంది, మోత దిగిపోతుంది. వేడికి తేమ పోయి తోలు బిగుస్తుంది, మోత పైకి లేస్తుంది. ఒకే డప్పును తడిపి, ఆరబెట్టి, కాగబెట్టి మూడు మోతలు వినిపించండి. అంతకంటే మంచి భౌతికశాస్త్రం స్టాలు ఏముంటుంది?

కాని ఒక నియమం పెట్టుకుందాం. డప్పు స్టాల్లో మోగుతుంది. కారు ముందు మోగదు. వినాలనుకున్న అధికారి మన స్టాలు దగ్గరికి నడిచి వస్తాడు.

శెనక్కాయల పెట్టెతో పోయిన నల్లాయన

"మా చిన్న చిన్న లెక్కలు ఎవరు చూస్తారు?" అనే తమ్ముళ్లకు అమెరికా ముచ్చట ఒకటి చెప్పాల. అది శెనక్కాయ ముచ్చట కాబట్టి మనకు దగ్గర.

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అని ఒక నల్ల శాస్త్రవేత్త. 1864 ప్రాంతంలో బానిస తల్లికి పుట్టినాడు. కష్టపడి చదివి 1896లో టస్కెగీ అనే నల్లవాళ్ల విద్యాసంస్థలో చేరినాడు. చుట్టుపక్కల నల్ల రైతులు కౌలుకు పత్తి వేసి, నేల సారం చచ్చి, అప్పుల్లో మునిగి ఉన్నారు. ఎగ్జిబిషన్‌కు రమ్మని వాళ్లను పిలిస్తే రాలేరు. అందుకని 1906లో టస్కెగీ వాళ్లు ఎగ్జిబిషన్‌నే బండికెక్కించినారు. విత్తనాలు, పనిముట్లు, పాలు చిలికే సామాను సర్ది పల్లె పల్లెకూ తిప్పినారు. 1916లో కార్వర్ శెనక్కాయ పండించే తీరు, దాంతో చేసే 105 వంటకాల గురించి చిన్న పుస్తకం వేసినాడు. శెనక్కాయ వెన్న ఆయన కనిపెట్టలేదు, అట్ల చెప్పేది తప్పు. ఆయన గొప్పతనం వేరే ఉంది. పేదోని చేనికి, పేదోని వంటింటికి పనికొచ్చే శాస్త్రం చేసినాడు.

1921లో అమెరికా చట్టసభ కమిటీ ముందు శెనక్కాయ గురించి మాట్లాడటానికి ఆయన్ను పిలిచినారు. ఇచ్చింది 10 నిమిషాలు. ఒక సభ్యుడు ఆయన జాతిని ఎత్తిపొడిచే మాట కూడా అన్నాడు. ఆయన తన పెట్టె విప్పి తను చేసిన వస్తువులు ఒక్కొక్కటే తీసి చూపిస్తా పోయినాడు. చివరికి ఆ కమిటీయే ఎంతసేపైనా మాట్లాడమంది. చేతిలో తను చేసిన వస్తువు, నోట్లో తనకు తెలిసిన మాట ఉన్నందువల్లే ఆ గదిలో ఆయన నిలబడగలిగినాడు.

అదే అమెరికాలో పల్లె పిల్లలకు ఫోర్-హెచ్ అనే క్లబ్బులున్నాయి. ఏటా అక్కడి జిల్లా తిరునాళ్లలో పిల్లలు తాము పెంచిన దూడ, పండించిన మొక్కజొన్న, కుట్టిన గుడ్డ తెచ్చి పెడతారు. దాంతోపాటు ఎన్ని రోజులు ఏం మేత వేసినారు, ఎంత ఖర్చయ్యింది అని రాసుకున్న పుస్తకం కూడా చూపిస్తారు. కాని దక్షిణాది రాష్ట్రాల్లో నల్ల పిల్లలకు క్లబ్బులు వేరు, క్యాంపులు వేరు. 1964 పౌరహక్కుల చట్టం వచ్చినాక గాని కలపలేదు. కలిపినాక చాలామంది నల్ల కార్యకర్తలను తెల్లోళ్ల కింది స్థానాలకు దించినారు. ఒక మూల చోటు దొరికినంత మాత్రాన సరిపోదు, మన నాయకత్వం మన చేతిలోనే ఉండాలని ఆ చరిత్ర చెప్తుంది.

మూడు అడ్డు మాటలు

మొదటి మాట: "ఇది సైన్సు కాదు, రాజకీయం. కొళాయి లెక్క తీసేయండి, డ్రిప్పు బొమ్మ పెట్టండి." ఇట్ల అనే నిర్వాహకులు ఎదురవుతారు. వాళ్లతో కొట్లాడొద్దు. ఒకటే అడగండి: "ఏ అంకె తప్పో చెప్పండి సార్, మళ్లీ కొలుస్తాం." 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పిల్లలను అడిగింది కూడా ఇదే. మీ చుట్టుపక్కల సమస్య తీసుకోండి, కొలవండి, పరిష్కారం వెతకండి అనే కదా. వాడ కొళాయి కంటే చుట్టుపక్కల సమస్య ఇంకేముంది?

రెండో మాట మనోళ్లది: "సర్కారు తమాషాకు మనం ఎందుకు పోవాల? సర్టిఫికెట్ కోసమా?" కోపం అర్థమవుతుంది. కాని ఆ మైదానంలోకి వచ్చేది అధికారులే కాదు. జిల్లా నలుమూలల నుంచి వేలమంది పిల్లోళ్లు, కూలోళ్లు, రైతులు వస్తారు. పక్క మండలం వాడ పిల్లోడు మన లెక్క చూసి "మా కొళాయి కూడా ఇంతే కదన్నా" అంటే, ఆ రోజుకు అదే మన బహుమతి. పోకుండా ఉంటే ఆ బల్ల మీద మళ్లీ పచ్చ కాగితమే ఉంటుంది.

మూడో మాట: "మా పిల్లోళ్లకు ఇంగ్లీషు రాదు, మాట్లాడటం రాదు." మాట్లాడటం రాకపోవడం కాదు, మనల్ని ఎవరూ అడగకపోవడం. తను కొలిచిన నీళ్ల గురించి ఏ పిల్లకైనా మాట వస్తుంది. బట్టీ పట్టిన డ్రిప్పు పాఠమే మధ్యలో మరిచిపోతుంది.

తయారీ ఎట్ల?

జనవరిలో పెట్టే ప్రాజెక్టు జూన్‌లో మొదలు కావాల. వాన డబ్బా తొలకరికి ముందే పెట్టాల. వయ్యారిభామ లెక్క జూలై, ఆగస్టుల్లో. కొళాయి లెక్క ఒకసారి ఎండల్లో, ఒకసారి వానల్లో. పంట ఎండితే దసరా దాటంగానే మనోళ్లు బెంగళూరు బండెక్కుతారు. వలస పోయేలోగా పుస్తకం పూర్తి కావాల. పోయినోళ్ల ఇళ్లు ఎన్ని, ఎప్పుడు పోయినారు అన్నది కూడా రాయండి. అది కూడా కరువు లెక్కే.

ఒక ప్రాజెక్టుకు అయిదుగురు చాలు. ఇద్దరు కొలవాల, ఒకరు రాయాల, ఒకరు చార్టు గీయాల, ఒకరు అన్నీ సరిచూడాల. అయిదుగురిలో ముగ్గురు ఆడపిల్లలు ఉండాల. తెల్లారి లేచి కొళాయి కాడ నిలబడేది వాళ్లు. ఎన్ని బిందెలు దొరికినాయో, ఏ రోజు ఎవరు తిట్టినారో వాళ్లకు తెలుసు. లెక్క వాళ్లది, స్టాలు కాడ నిలబడి చెప్పేది మాత్రం అన్నలు అంటే కుదరదు. చార్టు మీద మొదటి పేరు కొలిచిన పిల్లది.

పుస్తకంలో కొట్టివేతలుంటే ఉండనీండి, దిద్ది రాసిన శుభ్రమైన కాపీ కంటే మట్టి చేతుల పుస్తకానికే విలువ. అంకె పెంచి రాయొద్దు. మన కష్టం పెద్దదిగా చూపాలని పదిని పదిహేను చేసినామంటే, ఆ ఒక్క అబద్ధం పట్టుకుని మిగతా ఇరవై నిజాలూ కొట్టేస్తారు. నీళ్లు బాగా వచ్చిన రోజు కూడా రాయండి.

చార్టు తెలుగులో, పెద్ద అక్షరాల్లో, పది అడుగుల దూరం నుంచి కనబడాల. ఒక చార్టుకు ఒక ప్రశ్న, ఒక జవాబు. కొనేది అట్ట, రంగు పెన్నులు మాత్రమే. బడి పిల్లలకు ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఆలోచన ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఖాతాలో పడతాయి. అది పిల్లోని డబ్బు. బిల్లులన్నీ దాచి పెట్టుకోండి, ఇంకెవరి చేతికీ ఇవ్వొద్దు.

అన్నిటికంటే ముఖ్యం, మొదటి ఎగ్జిబిషన్ జిల్లాలో కాదు, వాడలోనే పెట్టాల. డిసెంబర్ 6 సాయంత్రం అంబేద్కర్ విగ్రహం కాడ బల్ల వేసి చార్టులు కట్టండి. అవ్వలు, తాతలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే ఏ జడ్జి ముందైనా చెప్పగలరు. "ఈ కొళాయి ఆ ఏడాది వేసినారు, అంతకు ముందు బావి ఉండె, మమ్మల్ని ఎక్కనిచ్చేవాళ్లు కాదు" అని ఒక అవ్వ చెప్తుంది. అది కూడా పుస్తకంలో ఎక్కించండి. ఆ తర్వాత మండలం, ఆ తర్వాత జిల్లా.

ఎగ్జిబిషన్ అయిపోయినాక

థర్మోకోల్ తోట సాయంత్రానికి చెత్తకుప్పకు పోతుంది. లెక్క పుస్తకానికి అసలు పని మరుసటి రోజే మొదలు. దాని నకలు ఒకటి గ్రామసభలో పెట్టి తీర్మానం రాయించండి. ఒకటి సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీతో పాటు ఇచ్చి రసీదు తీసుకోండి. కొళాయికి ఎంత ఖర్చు పెట్టినారు, ఎంతమందికి అని రాసుకున్నారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. వాళ్ల కాగితం వచ్చినాక మీ పుస్తకం పక్కన పెట్టి చూడండి. వచ్చే ఏడాది స్టాలు అదే.

బహుమతి రావచ్చు, రాకపోవచ్చు. మార్కులు వేసేవాళ్లు ఎవరో, వాళ్ల కళ్లకు ఏం నచ్చుతుందో మనకు తెలుసు. కాని జూన్ నుంచి జనవరి దాకా ఒక వాడ పిల్లోళ్లు తమ నీళ్లను, తమ వానను, తమ చేనును, తమ తాతల విద్యను కొలిచి రాసుకున్నారంటే, ఆ వాడతో "మీకేం తెలుసప్పా" అని మాట్లాడే రోజు పోయినట్టే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఏడాది తొలకరికి ముందే డబ్బా పెట్టండి. బిందె కొలవండి. పుస్తకం మొదటి పేజీలో మీ పేర్లు రాసుకోండి.

జై భీమ్.